తండా వరుసంతా "పలక ఏది?" అన్న రోజు

మా చిన్నప్పుడు... తండా పిల్లలమంతా బడిలో వెనక వరుసలో కూర్చునేవాళ్లం. సారు ఒక మాట అనేవారు, మేము గొంతు చించుకుని అదే మాట తిరిగి అనేవాళ్లం. అన్నం గంట కొట్టేదాకా అంతే... మా అరుపులు రోడ్డు దాకా వినిపిస్తే, మా యాడి... అమ్మను మేమలాగే పిలుస్తాం... మురిసిపోయేది.

ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంట్లో మాది లంబాడీ. బడిలో వినిపించేది ఇంకో భాష అని మాకెవరూ చెప్పలేదు. బడి అంటే అక్కడ అలాంటి చప్పుడు చేస్తారనుకున్నాం... అంతే.

రెండో తరగతిలో కొత్త సారు వచ్చారు. ఆయన మా చిన్నాన్న కూతురు మంగ్లి ఎదుట నిలబడి, "పలక ఏది?" అని అడిగారు.

"పలక ఏది?" అంది మంగ్లి, గట్టిగా. దాని వెనకే మా వరుసంతా... "పలక ఏది?"

సారు ముఖం మాడిపోయింది. "ఏందే, ఎక్కిరిస్తున్నవా?"

"ఏందే, ఎక్కిరిస్తున్నవా?" అంది మంగ్లి, ఇంకా గట్టిగా. మెచ్చుకుంటారనుకుంది పాపం.

అరచేతులు వాచేలా కొట్టారు. మర్నాడు చిన్నాన్న బడికొస్తే, "దీనికి బుర్ర లేదు. చదువు రాదు. పత్తి ఏరనీకి తోలుకపో" అన్నారు. చిన్నాన్న తీసుకుపోయాడు. మంగ్లి తన పలక నా ఒళ్లో పెట్టి వెళ్లింది.

ఆ వారంలోనే సారు ఊరి పిల్ల స్రవంతిని కూడా అదే అడిగారు. స్రవంతి నోరు తెరవలేదు... పలక ఎత్తి చూపింది.

అప్పుడు నాకు తెలిసింది. ఆ చప్పుడు లోపల ఏదో ఉంది. తిరిగి అనడానికి కాదు, పట్టుకోవడానికి. ఆ రోజు నుంచి నోరు మూసి, కళ్లు తెరిచి కూర్చున్నాను. ఏ మాటకు ఎవరు లేస్తున్నారు... ఏ మాటకు ఎవరు నవ్వుతున్నారు... మేము 'పాణి' అనేదాన్ని వీళ్లు 'నీళ్లు' అంటున్నారు. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకున్న రోజే నాకు తెలుగు మొదలైంది. అంతకుముందు నేర్చుకున్నదంతా ఉత్త చప్పుడే.

ఇప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. తెలుగంటే ప్రాణం. మబ్బుకు 'మొగులు', నేర్పుకు 'ఇగురం' లాంటి మాట ఒకటి దొరికితే రోజంతా నోట్లో చప్పరిస్తూ తిరుగుతాను. మొన్న కాలేజీలో ఒకరన్నారు, పిల్లలకు ఏ భాషైనా గాలి పీల్చినట్టు దానంతటదే వస్తుందని. ఒళ్లు మండిపోయింది. అమ్మ భాష అలా వస్తుందేమో. రెండోది రాలేదండీ మాకు. "ఇది మీ మాట కాదు, వేరే మాట, జర మనసు పెట్టి చూడుండ్రి" అని ఒక్కరు... ఒక్కరంటే ఒక్కరు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పడం చేతకాని వాళ్లు, మాకు బుర్ర లేదని తేల్చేశారు.

పోయిన నెల మంగ్లితో కేసముద్రం మార్కెట్‌కు వెళ్లాను, మక్కలు... అదే, మొక్కజొన్నలు... అమ్మడానికి. ధర తగ్గించి అడిగిన సేటును తెలుగులో ఆడుకుంది చూడండి...

"గా ధరకు నీ ఇంట్ల కోళ్లకు గూడ రావు సేటు. నడువు, నేనే నీకు అన్నం పెడ్త."

చుట్టూ హమాలీలు పడిపడి నవ్వారు. సేటు కూడా నవ్వేసి, "గింత నోరున్నదానివి, సదువుకుంటే వకీలువైతుంటివి గదనే" అన్నాడు.

మంగ్లి బస్తా మూతి కట్టుకుంటూ, మామూలుగా, వాన పడుతుందన్నంత మామూలుగా అంది.

"నాకు బుర్ర లేదు సేటు. మా సారే చెప్పిండు."

బడి మారింది... కొత్త గదులు, రంగుల గోడలు. మా తండా పిల్లలు ఇప్పటికీ వెనక వరుసలోనే అరుస్తున్నారు.

మీ తరగతిలో కూడా ఇలా ఇంటికి పంపేసిన మంగ్లి ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి... మా మంగ్లికి చదవడం రాదు. నేను చదివి వినిపిస్తాను.