గ్యాప్ సర్టిఫికెట్‌లో రాయించిన కారణం

మా ఆవిడకు డిగ్రీ కాలేజీలో సీటు ఇప్పించింది నేనే. నల్లగండ్లలో పొద్దున్నే నాతో నడిచే ముసలివాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, రోజూ చెబుతాను. మమ్మల్ని చూడగానే ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేచాడని కూడా చెబుతాను. లేచిన మాట నిజం. భోజనానికి లేచాడు.

బి.ఎ. తెలుగులో చేరాలంటే ఇంటర్ పాసై ఉండాలి. ఆవిడ పెళ్లికి ముందే పాసైంది. ఆ మెమో, టీసీ బీరువాలో చీరల కింద భద్రంగా ఉన్నాయి. వయసు అడ్డం కాదన్నారు. తక్కువైంది గ్యాప్ సర్టిఫికెట్ ఒక్కటే. చదువు మధ్యలో ఆపినవాళ్లు అన్నాళ్లూ ఎందుకు ఆపారో నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద రాయించి తేవాలట. చేరడానికి ఆ రోజే ఆఖరు. నాలుగింటికి కౌంటర్ మూసేస్తారు. ఈ ఏడు తప్పితే ఇక చదువు మాట ఎత్తనంది ఆవిడ. అంటే అన్నట్టే ఉండే మనిషి.

లింగంపల్లిలో నోటరీ గది ముందు టైపిస్టు క్షణంలో కాగితం తీసిచ్చాడు. అందులో 'అనారోగ్యం వలన చదువు ఆపితిని' అని ఉంది.

"సంతకం పెట్టు పెద్దమ్మా."

ఆవిడ చదివింది. "నాకేం రోగమొచ్చింది బిడ్డా?"

"రోగం గిట్ల ఏం లేదు. అందరికీ గదే రాస్తం. సాఫ్ట్‌వేర్ పిల్లలకు సుత గదే."

"దవాఖానల పండుకున్నదంతా ఈయన. నేను అన్నం డబ్బా మోసిన."

నేను కల్పించుకుని, "సంఘసేవ అని రాయి" అన్నాను.

"నువ్వు జర ఊకో. ఇంటిపని అని రాయి బిడ్డా."

"గట్ల ఎవ్వరు రాయరు పెద్దమ్మా. కాలేజోళ్లు వాపస్ పంపితే నన్నంటరు."

"ఇన్నేండ్లు చేసిన పని కాయిదం మీద పెట్టనీకి పనికిరాదా?"

మూడు దాటింది. ఎట్లాగోలా సంతకం పెట్టేయమని ఆవిడ చెవిలో చెప్పాను. పెన్ను నా చేతిలో పెట్టి, "రోగమున్నోళ్లు పెట్టుకోండ్రి" అంది. టైపిస్టు ఆ ముక్క కొట్టేసి ఇంటిపని అని కొట్టాడు. లోపల నోటరీ చదవకుండానే ముద్ర వేశాడు.

అక్కడి నుంచి కాలేజీకి కారు గాలిలా తోలానని చెబుతుంటాను. ఎక్కింది ఆటో. బేరమాడింది కూడా ఆవిడే.

కౌంటర్‌లో గుమాస్తా కోస్తా వైపు మనిషి. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇంటిపని అని రాయించారేంటండీ?"

"గదే చేసిన."

"ఇంకేం లేవు కదండీ? పోలీసు కేసులూ అవీ?"

"టైం దొరకలె."

అతను నవ్వబోయి, ఆపుకున్నాడు. "క్లాసులకు తప్పకుండా రావాలండీ. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. మరి ఇంటిపని ఇప్పుడెవరు చేస్తారండీ?"

ఆవిడ నా వైపు చూసింది.

"నేనున్న కద సార్. బిర్యానీ సుత చేస్త" అన్నాను.

ముద్ర పడింది.

బిర్యానీ నాకు రాదు. వంటంతా ఇప్పుడు నాదేనని నడకలో చెబుతున్నాను గానీ, కుక్కర్‌లో పప్పూ నీళ్లూ పోసి పొయ్యి మీద పెట్టి పోయేది ఆవిడే. వెలిగించి, మూడు విజిళ్లకు ఆపడం నా వంతు. నిన్న ఎన్ని వచ్చాయో మరిచిపోయాను. సాయంత్రం ఆవిడ ఛందస్సు పాఠం గురించి ఆగకుండా చెబుతూ, ఆ మాడిన పప్పుతోనే మారు అన్నం కూడా కలుపుకుంది.