నా నర్సింగు సీటు, డాక్టరుగారి సంతకం

మనవాళ్ళకి మలమూత్రాలంటే అసహ్యమని అందరూ అనుకుంటారు గానీ, అదంతా ఒట్టి మాట. అమెరికా రాకముందు మా అత్తగారు పక్షవాతంతో ఏడాదిన్నర మంచాన పడి ఉంటే, ఆవిడకి బెడ్‌పాన్ పెట్టి తీసి, ఒళ్ళు తుడిచి, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పింది నేనే. అప్పుడు నన్ను మెచ్చుకోని చుట్టం లేదు. కోడలంటే ఇదీ అన్నారు. పుణ్యమంతా మూటగట్టుకుంటున్నావన్నారు. అదే పనికి చదువు చదివి, లైసెన్సు తెచ్చుకుని, జీతం తీసుకుంటానని జెర్సీ సిటీలో అనేసరికి అందరి మూతులూ వంకర్లు తిరిగాయి. ఊరికే చేస్తే పుణ్యం, జీతానికి చేస్తే నీచం. ఈ న్యాయం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని కూడా లేదు.

డెబ్భైలు అయిపోవస్తున్న రోజులవి. మా ఆయన ఇంజనీరు. పొద్దున్నే ట్రైన్‌లో మన్‌హాటన్ వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. పిల్లలిద్దరూ స్కూలుకెళ్ళేవాళ్ళు. నాకు బోటనీలో ఎమ్మెస్సీ ఉంది, అదీ ఫస్టు క్లాసులో. ఆ డిగ్రీతో అక్కడ నేను చేయగలిగిందల్లా కిటికీలో కుండీలో పెంచుకున్న కొత్తిమీరకి లాటిన్ పేరు చెప్పడం. సలహాలకి మాత్రం కొదవ లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. ఒకావిడ కంప్యూటర్ కార్డులకి చిల్లులు కొట్టే కీపంచ్ పని నేర్చుకోమంది. ఒకాయన బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చోమన్నాడు. ఇంకొకాయన కంప్యూటర్ కోర్సు చెయ్యమ్మా, చల్లగా ఏసీలో కూర్చోవచ్చు అన్నాడు. నీకేం చెయ్యాలనుందని వాళ్ళలో ఒక్కరు అడిగితే ఒట్టు.

నేను మా ఇంటికి ఎనిమిది వీధుల అవతలున్న నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్‌గా చేరాను. మనూళ్ళో కాన్పులు చేసే నర్సింగ్ హోమ్ లాంటిది కాదు, ముసలివాళ్ళు కడదాకా ఉండే చోటు. స్నానాలు చేయించడం, పక్కబట్టలు మార్చడం, తినిపించడం నా పని. మా ఆయన ఎవరైనా అడిగితే "మెడికల్ లైన్‌లో పార్ట్ టైమ్ చేస్తోంది" అనేవారు. ఆ లైన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆయన చెప్పరు, వాళ్ళూ అడగరు.

అక్కడ మా ఎయిడ్లందరి మీదా ఒక నర్సు ఉండేది. అరవైకి దగ్గర పడ్డ నల్లావిడ. చిన్నప్పుడే దక్షిణాది రాష్ట్రం జార్జియా నుంచి వచ్చేసిందట. హైస్కూలు తర్వాత ఒక్క ఏడాది కోర్సు చేసిన ప్రాక్టికల్ నర్సు. అసలు నర్సులకి కింద, మాకు పైన. నాకు పని నేర్పింది ఆవిడే. ఒకసారి ఒక ముసలమ్మ రెండు రోజులు తిండి ముట్టలేదు. మొండిది, ఎవరి మాటా వినదు అని అందరూ రాసిపెట్టారు. నేనూ అలాగే అనుకున్నాను. ఈవిడ వచ్చి, మంచం పక్కన వంగి, ముసలమ్మ పెదవి పైకెత్తి చూసింది. కట్టుడు పళ్ళు ఒరుసుకుని చిగుళ్ళన్నీ పుండ్లయ్యాయి. ఆ పళ్ళు తీసి, నోరు కడిగి, చల్లటి పుడ్డింగ్ పెడితే గిన్నెడూ తినేసింది. నాకు సిగ్గేసింది. ఎక్కడ చూడాలో తెలియడమే చదువైతే, ఆ చదువు నాకు కావాలనిపించింది. ఎమ్మెస్సీ చదువుతున్న రెండేళ్ళలో ఒక్కరోజు కూడా నాకు అలా అనిపించలేదు.

ఆ నెలలోనే బ్రేక్ రూమ్ బోర్డు మీద ఒక కాలేజీ కాగితం చూశాను. ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉన్నవాళ్ళకి పదిహేను నెలల్లో నర్సింగు డిగ్రీ. నాలుగేళ్ళ చదువుని నొక్కి కుక్కి పెట్టారన్నమాట. ముందుగా అనాటమీ, ఫిజియాలజీ చదివి రావాలన్నారు. మా ఆయన నా మార్కుల లిస్టు తిరగేసి, అనాటమీ ఇక్కడ ఉందిగా, మళ్ళీ ఎందుకు అన్నారు. అది మొక్కల అనాటమీ అండీ, బెండకాయ కోసి చూస్తే మనిషి గుండె తెలియదు అన్నాను. సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీకి బస్సులో వెళ్ళి రెండూ చదివాను. రెండింట్లోనూ 'ఎ' గ్రేడే వచ్చింది. అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు.

మా ఆయన కాదనలేదు, అవుననలేదు. చివరికి ఒక షరతు పెట్టారు. "ఒక్కసారి అప్లై చెయ్యి. సీటు రాకపోతే కంప్యూటర్ కోర్సులో చేరు. మళ్ళీ ఈ నర్సు మాట ఇంట్లో ఎత్తకూడదు" అన్నారు. సరేనన్నాను. ఆ ఒక్కసారిలోనే నా బతుకు తేలిపోవాలి. సీట్లేమో కొన్నే ఉన్నాయి.

అప్లికేషన్‌తో రెండు ఉత్తరాలు పెట్టాలి. ఒకటి అనాటమీ చెప్పిన మేష్టారు రాసిచ్చాడు. రెండోది మీరు పనిచేస్తుండగా దగ్గరుండి చూసినవాళ్ళు రాయాలి అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. మేమిద్దరం చదివాం. ఇంగ్లీషు రాక కాదు. అయినా ఆ మాట మా బుర్రల్లోకి ఎక్కలేదు. మనకి ఉత్తరమంటే పెద్దమనిషి ఉత్తరం. కాలేజీలో సీటుకైనా, ఉద్యోగానికైనా, ఇంటికి ఫోనుకైనా మనల్ని కంటితో చూడని గెజిటెడ్ ఆఫీసరు, ఈ అమ్మాయిని అయిదేళ్ళుగా ఎరుగుదును, సత్ప్రవర్తన గలది అని రాసివ్వడం మన ఆచారం. మరి ఆ నర్సు సంగతేమిటని నేను ఒక్కసారి అన్నాను. "ఆవిడ చదివిందే ఒక ఏడాది. ఆవిడ సంతకానికి వాల్యూ ఏముంటుంది?" అన్నారు మా ఆయన. నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన అనకముందే నేనూ అదే అనుకున్నాను.

మాకు తెలిసిన పెద్దమనిషి ఒక గుండె డాక్టరు. ఎడిసన్ ఊరి అవతల పెద్ద ఇల్లు. తెలుగువాళ్ళం పదిహేను కుటుంబాలం నెలకోసారి అక్కడే చేరేవాళ్ళం. ఆయన్ని నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఆదివారం సున్నుండలు పట్టుకుని వెళ్ళాం. గంటన్నర ఆయన కారు గురించి, కొత్త పచ్చిక గురించి విన్నాక అసలు సంగతి చెప్పాను. ఆయన సున్నుండ పక్కన పెట్టేశారు. మనవాళ్ళెవరూ చేయరే ఈ పని అన్నారు. మంచి కుటుంబంలో పుట్టినదానివి, ఎవరెవరివో ఎత్తిపోయడం ఏమిటమ్మా అన్నారు. రోజూ పొద్దున్నే నర్సులు చెబితే తప్ప తన పేషెంటు రాత్రి నిద్రపోయాడో లేదో తెలియని మనిషి ఆయన. ఆ నర్సుల ఎదుట ఈ మాట అని ఉంటే మర్నాడు ఆయన గతి ఏమయ్యేదో. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, చదవమనే పెద్దలే ఈ చదువు వద్దంటారు. చివరికి, మీ ఇష్టం, మీరే రాసుకురండి, సంతకం పెడతాను అన్నారు.

మా ఆయన ఆఫీసు టైప్‌రైటర్ మీద రాసుకొచ్చారు. ఏం రాశారో చూడమని నాకు చూపించారు కూడా. మా నాన్నగారు తాసీల్దారుగా చేశారని ఉంది. నా భర్త ఏ కంపెనీలో ఏ హోదాలో ఉన్నారో, ఏ డిగ్రీలు సంపాదించారో ఉంది. అత్తవారు గౌరవనీయులని ఉంది. అన్నిటికీ కింద నేను వినయ విధేయతలు గలదాన్నని ఒక వాక్యం ఉంది. చాలా బాగుందండీ అన్నాను. ఆ రోజు నా బుద్ధి ఏ గడ్డి మేయడానికి వెళ్ళిందో! డాక్టరుగారు చదవకుండానే సంతకం పెట్టారు.

ఇంటర్వ్యూకి పిలిచారు. బల్ల అవతల ఒక పెద్దావిడ, ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో పనిచేసి తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చిన నర్సు. మార్కులు చూసి తల ఊపింది. తర్వాత ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"మీ నాన్నగారి గురించి తెలిసింది. మీ ఆయన గురించి బాగా తెలిసింది. ఇందులో నువ్వెక్కడున్నావు?" అంది.

ఈ డాక్టరు నువ్వు పనిచేస్తుండగా ఎప్పుడు చూశాడని అడిగింది. ఆయన నన్ను పనిచేస్తుండగా చూసింది వాళ్ళింట్లో భోజనాలయ్యాక గిన్నెలు తోముతున్నప్పుడే. అదే చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. నర్సింగ్ హోమ్‌లో రెండేళ్ళు చేశానంటున్నావు, అక్కడ నిన్ను చూసినవాళ్ళే లేరా అంది. ఉన్నారన్నాను. అయితే శుక్రవారంలోగా ఆ ఉత్తరం తీసుకురా, ఇది పట్టుకుపో అని డాక్టరుగారి ఉత్తరాన్ని నా చేతిలో పెట్టింది. బస్సులో కూర్చుని దాన్ని మళ్ళీ చదివాను. మొదటిసారిగా ఒళ్ళు మండింది. రాసినాయన మీద, సంతకం పెట్టినాయన మీద, అన్నిటికన్నా ఎక్కువగా బాగుందండీ అన్న ఇల్లాలి మీద.

మర్నాడు మధ్యాహ్నం నర్సింగ్ హోమ్‌లో మా నర్సు దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడ శాండ్‌విచ్ కింద పెట్టి, ఇంతకుముందే ఎందుకడగలేదు అంది. మీకు శ్రమ ఇవ్వడం ఇష్టంలేక అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. అబద్ధమని తెలిసింది, ఏ రకం అబద్ధమో కూడా తెలిసింది. జీవితమంతా విన్న రకమే అయివుంటుంది. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం తీసుకుని, అక్కడే చేత్తో రాసింది. పది నిమిషాలు పట్టింది. నన్నే చదువుకోమంది.

మొదటి నెలలో వాసనకి తట్టుకోలేక రెండుసార్లు బయటికి పరిగెత్తింది, మూడోసారి పరిగెత్తలేదు అని రాసింది. ఒళ్ళు తిప్పేముందు పేషెంటుకి చెప్పి తిప్పుతుంది, చెవులు వినబడనివాళ్ళకి కూడా, గదిలో ఎవరూ లేనప్పుడు కూడా అని రాసింది. కాస్త పొగరుంది, అది పని మీద చూపించదు అని కూడా రాసింది. చివరి వాక్యం ఇది: "మా అమ్మ ఆ మంచం మీద ఉండి, డ్యూటీలో ఈమె ఉంటే, నేను ఇంటికెళ్ళి నిద్రపోతాను."

అంత మెచ్చుకోలు నాకు పుట్టిన తర్వాత ఎవరూ ఇవ్వలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ, పదమ్మా, తొమ్మిదో నంబరు గదిలో బెల్లు మోగుతోంది అంది.

సీటు వచ్చింది. మూడు వారాల తర్వాత ఉత్తరం రాగానే, జరిగిందంతా నా నోట విని కూడా, మా ఆయన మొట్టమొదట ఫోన్ చేసింది డాక్టరుగారికి. మీ చలవేనండీ అన్నారు. ఆయన మాత్రం ఎందుకు కాదంటారు? ఆ నెల భోజనాలకి వెళ్ళేసరికి కథ పదిహేను ఇళ్ళకీ పాకిపోయింది. అందరూ కంచాలు పట్టుకుని హాల్లో కూర్చుని ఉండగా డాక్టరుగారు, నేనొక్క లెటర్ కొట్టాను, వాళ్ళు కాల్ చేసి మరీ సీటిచ్చారు అన్నారు. కొట్టింది మా ఆయన. కాల్ ఎవరూ చేయలేదు.

నేను ఉండబట్టలేకపోయాను. "మీ లెటర్ వాళ్ళు తీసుకోలేదండీ అన్నయ్యగారూ. తిప్పి నా చేతికే ఇచ్చేశారు. నేను పనిచేసేచోట సూపర్‌వైజర్ రాసిస్తే సీటిచ్చారు" అన్నాను.

మా ఆయన కంచంలోకి చూస్తున్నారు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళకి ఒకడి మొహం మీద నిజం చెప్పాననుకున్నాను. ఇంకా చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను.

అప్పుడు డాక్టరుగారి భార్య, పాపం మంచి మనిషే, చారు వడ్డిస్తూ నా వైపు తిరిగి, "ఆ సూపర్‌వైజర్ డాక్టరేనా అమ్మా?" అని అడిగింది.

పదిహేను కుటుంబాలు నా నోటివంక చూస్తున్నాయి. కాదు వదినా, ఒక ఏడాది కోర్సు చదివిన నల్లావిడ, నాతోపాటే బెడ్‌పాన్‌లు ఎత్తుతుంది అనాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"ఆఁ, డాక్టరే" అన్నాను.

అందరికీ ప్రాణం లేచొచ్చింది. "అదీ సంగతి! డాక్టర్ రాస్తేనే కదా ఎవరైనా ఇచ్చేది. ఎవరైతేనేం" అని డాక్టరుగారు గట్టిగా నవ్వారు. ఎవరో పప్పు అందుకున్నారు, మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఇంతసేపూ అందరినీ తిట్టిపోశాను కదా. వాళ్ళందరూ కలిసి నాకు చేసింది, ఆ ఒక్క మాటతో నేను ఆవిడకి చేశాను. ఆ అబద్ధాన్ని ఆ రోజూ దిద్దలేదు, తర్వాత ఆ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నా దిద్దలేదు. సిగ్గులేని మనిషిని.

నిజం తెలిసింది ఆ గదిలో మా ఆయనకొక్కరికే. ఆయన కంచంలోంచి తలెత్తి నా వైపు చూశారు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన నన్ను అంత మెచ్చుకోలుగా చూడడం అదే మొదటిసారి.