కెప్టెన్ పాపిడి

లోకం అంతమైపోయింది. ఊళ్ళకు ఊళ్ళు జాంబీల పాలయ్యాయి. కరెంటు లేదు, తాగడానికి గుక్కెడు నీళ్ళు లేవు. బతికి బట్టకట్టిన కొద్దిమందీ ఒక పాడుబడ్డ గోడౌనులో తలదాచుకున్నారు. ఇంత ఘోరం జరిగినా వాళ్ళ నాయకుడు కెప్టెన్ గడ్డం మాత్రం గీత గీసినట్టుంది. జుట్టు ఇప్పుడే దువ్వి వదిలినట్టుంది.

టీవీ సీరియల్లో ఈ లొసుగు పట్టుకున్నవాడు క్రాపు మామ.

మామకి సొంత పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. వీధి మలుపులో మూడు కుర్చీల సెలూన్ ఆయనది. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూడడు, చెవుల మీది జుట్టుకేసి చూస్తాడు. చావింటికి పలకరింపుకి వెళ్ళినా, ఏడుస్తున్నవాళ్ళ మెడ వెనకాల జుట్టు ఎంత పెరిగిందో చూసుకుని వచ్చే రకం. అందుకే సీరియల్లో జాంబీ ఎవరిని కరుస్తుందా అని అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే ఆయన జుట్లు చూశాడు. చూసి చూసి, ఒక ఆదివారం సాయంత్రం షాపు నిండా జనం ఉండగా తేల్చి చెప్పేశాడు.

"వీళ్ళలో మనవాడొకడు ఉన్నాడు. బార్బరు. కావాలనే మనకి చూపించట్లేదు."

నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ ఆ షాపులో ఎవరి గోల వాళ్ళకి ఉంది. పై అంతస్తులో క్లినిక్ పెట్టుకున్న పళ్ళ డాక్టరు మొదటి ఎపిసోడు నుంచీ ఒకటే పాట. ఇన్నేళ్ళు బ్రష్షు మొహం చూడని పళ్ళకి పట్టు ఎక్కడ ఉంటుంది, ఆ జాంబీ కరిస్తే కండ కాదు, పళ్ళే ఊడి కింద పడాలి అంటాడు. గ్యాసు బండలు మోసే సిలిండరు తమ్ముడి బాధ వేరు. అంతమందికి రోజూ కుండెడు సూపు కాస్తున్నారు కదా, బండ ఎవడు మారుస్తున్నాడు అని. జాంబీలంటే భయపడేవాడు ఆ షాపులో ఒక్కడూ లేడు. అందరికీ తమ పని ఎవడు చేస్తున్నాడన్నదే దిగులు.

షాపు ఎలా ఉంటుందో చెప్పాలి. ముందు గోడ పొడుగునా అద్దం. అద్దానికెదురుగా కుర్చీలు. వెనక గోడని ఆనుకుని బెంచీ, బెంచీ నెత్తిన టీవీ. కుర్చీలో కూర్చున్నవాడికి టీవీ అద్దంలోనే కనిపిస్తుంది. బెంచీ మీదవాళ్ళు తలెత్తి చూడాలంటే మెడ పట్టేస్తుంది, కాబట్టి వాళ్ళూ ఎదురుగా అద్దంలోకే చూస్తారు. ఇక మామ సంగతి చెప్పక్కర్లేదు, బుద్ధి తెలిసినప్పటి నుంచీ లోకాన్ని అద్దంలోనే చూస్తున్న మనిషి. సీరియలు పేరు అక్షరాలు తిరగబడి వస్తే, జాంబీల కథ కదా, జడిపించడానికి అలా రాసుంటారని సరిపెట్టుకున్నారు.

ఇంకో సంగతి. సీరియలు నడుస్తున్నంతసేపూ ఆ షాపులో కత్తి ఆడదు. గీకుడంతా ప్రకటనలొచ్చినప్పుడే. సగం మొహం నున్నగా, సగం మొహం నురగతో నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళు వరసగా మూడు కుర్చీల్లోనూ కనిపిస్తే ఆదివారం సాయంత్రమైందని లెక్క. ఎవడైనా తొందరపెడితే మామ ఒకటే మాట. "గొంతు మీద కత్తి పెట్టించుకుని జాంబీలు చూస్తానంటే నాకేం అభ్యంతరం లేదు నాయనా." తొందరపడ్డవాడు మళ్ళీ నోరెత్తేవాడు కాదు.

మామకి ఆ టీవీ అంటే ప్రాణం ఎందుకో కూడా చెప్పాలి. ఇన్నేళ్ళూ జనం ఆయన చేతికి తలకాయ అప్పగించి కునికిపాట్లు పడ్డారు. ఈమధ్య ఫోన్లు చూసుకుంటున్నారు. ఈ సీరియలు మొదలయ్యాకే "మామా, నువ్వేమంటావ్?" అని అడిగేవాళ్ళు పుట్టుకొచ్చారు. నెత్తిమీద నాలుగు వెంట్రుకలు కూడా లేని ఒక రిటైర్డు గుమాస్తా సైతం ఆదివారం ఠంచనుగా వచ్చి బెంచీ చివర కూర్చుంటున్నాడు. అంత మర్యాద మామ ఎరగడు.

దానికే ఎసరొచ్చింది. తెచ్చినవాడు బావ. మామ భార్యకి స్వయానా అన్న, షాపు గది కూడా ఆయనదే. నీళ్ళ ట్యాంకర్ల ఆఫీసులో సూపర్‌వైజరు. ఏ గదిలో అడుగుపెట్టినా ఫ్యాన్లెన్ని తిరుగుతున్నాయో ముందు చూసే మనిషి. ఒక ఆదివారం వచ్చేసరికి మూడు కుర్చీల్లో ముగ్గురు నురగ ఎండిపోయి కూర్చున్నారు. ఆయన చుర్రుమన్నాడు. రెండ్రోజులకే వాళ్ళ ఆఫీసులో తీసి పక్కన పడేసిన చేపల తొట్టి ఒకటి ట్యాంకరు మీద ఎక్కించుకొచ్చి షాపులో దింపించాడు.

"చేపల్ని చూస్తే బీపీ తగ్గుతుందట. నీ జాంబీల్ని చూస్తే ఉన్న బీపీ పెరుగుతుంది. కత్తి పట్టే చోట ఏది ఉండాలో నువ్వే చెప్పవోయ్," అన్నాడు. టీవీ దిగాలి, అక్కడ తొట్టి ఎక్కాలి అన్నది ఆయన తీర్మానం.

మామ నీళ్ళు నమిలాడు. గది ఇచ్చినవాడు, పైగా పెళ్ళాం అన్న. ఆ సమయంలో నోటికి అందింది ఆ సిద్ధాంతం ఒక్కటే. కథలో బార్బరున్నాడనీ, వాణ్ణి చూపించేదాకా ఆగమనీ బతిమాలాడు. బావ పగలబడి నవ్వి, నవ్విన నవ్వులోనే ఒప్పుకున్నాడు. ఆఖరి ఎపిసోడు లోపల ఆ బార్బరు తెర మీద కనిపిస్తే టీవీ ఉంటుంది. లేకపోతే చేపలొస్తాయి. అందాకా ఖాళీ తొట్టి షాపు మూల కూర్చుంది. జనం దానిమీద తువ్వాళ్ళు ఆరేశారు.

ఇక మామకి నిద్ర లేదు. ఎపిసోడ్లు గడిచిపోతున్నాయి. గోడౌనులో వంటామె చచ్చిపోయింది, నర్సు చచ్చిపోయింది, కుక్కని కూడా వదిలిపెట్టలేదు. బార్బరు జాడ లేదు. అలాంటప్పుడు దొరికింది సాక్ష్యం.

సోమవారం సెలూన్‌కి సెలవు. భార్య కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది, ఆమె పొద్దున్నే వెళ్ళిపోతే మామ ఇంట్లో బీన్సు తరుగుతూ టీవీ పెట్టుకుంటాడు. ఆ రోజు వచ్చే వారం ఎపిసోడుకి ప్రోమో వస్తోంది. కెప్టెన్ గొడ్డలి ఎత్తాడు. మామ చేతిలో కత్తి ఆగింది. కెప్టెన్ పాపిడి ఎడమ పక్కన ఉంది. నిన్న సాయంత్రం షాపులో చూసినప్పుడు కుడి పక్కన ఉంది. తల మీద ఒట్టేసి చెప్పగలడు. ఒక ఆదివారం కాదు, ఏ ఆదివారం చూసినా కుడి పక్కే.

మళ్ళీ ఆదివారం చూశాడు, కుడి. మళ్ళీ సోమవారం చూశాడు, ఎడమ. మనిషి తన పాపిడి తాను మార్చుకోడు. చిన్నప్పుడు అమ్మ ఏ పక్క తీసిందో కాటికి పోయేదాకా అదే పక్క. అది మారిందంటే వెనకాల వేరే చెయ్యి ఉన్నట్టే.

సంగతి షాపులో బయటపెట్టాడు. ఇన్నాళ్ళూ పాపిడి వంక చూసినవాడే లేడు కాబట్టి కాదనే మొనగాడూ లేడు. డాక్టరు కూడా మెత్తబడ్డాడు. బావ మాత్రం తానే స్వయంగా తేల్చుకుంటానని ఆదివారం వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో చూశాడు, కుడి. సోమవారం ఆఫీసులో పని మానేసి ప్రోమో చూశాడు, ఎడమ. మధ్యాహ్నానికి ట్యాంకరు డ్రైవర్లందరికీ పాపిడి సంగతి చెప్పాడు. సాయంత్రం మేనేజరు గదిలోకి వెళ్ళి, కాదన్న మేనేజరుతో వాదించి నెగ్గుకొచ్చాడు. మామ దగ్గర మాత్రం బింకం వదల్లేదు. పాపిడి సరే, మనిషేడీ, మనిషి కనిపిస్తేనే పందెం అన్నాడు.

ఆఖరి ఎపిసోడు రానే వచ్చింది. షాపులో కాలు పెట్టే సందు లేదు. బావ నడిమి కుర్చీలో, మెడకి గుడ్డ చుట్టించుకుని ముందే సిద్ధమయ్యాడు. తొట్టి మీది తువ్వాళ్ళు కూడా తీయించాడు, మామ ఓడిన వెంటనే గోడకెక్కించడానికి. ప్రకటనల్లో మామ ఆయనకి ఒక చెంప గీకడం అయింది. కథ నడిచినంతసేపూ జాంబీలు గోడౌను గేటు మీద పడి గుద్దుతూనే ఉన్నాయి. బార్బరు రాలేదు. ఆఖరి విరామం వచ్చింది, ఈసారి ప్రకటనలకి బదులు తెర మీద సీరియలు పేరుతో కెప్టెన్ మొహం అలాగే నిలబడిపోయింది.

అప్పుడొచ్చింది మామ భార్య. కళ్ళజోళ్ళ షాపు మూసేసి అటే వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలున్నవాళ్ళని వింతగా చూసింది.

"ఇదేంటి, అందరూ టీవీకి వీపు పెట్టి కూర్చున్నారు?"

"అదంతా తర్వాత. నువ్వు ముందు ఆ పాపిడి చూడు," అన్నాడు మామ అద్దంలోకి వేలు చూపిస్తూ. "కుడి పక్క. రేపు ఇంట్లో చూడు, ఎడమ పక్క ఉంటుంది."

ఆమె అద్దం వంక చూసింది. టీవీ వంక చూసింది. మళ్ళీ మొగుడి వంక చూసింది.

"టీవీలో ఎడమ పక్కే ఉంది కదండీ. మీరు చూస్తున్నది అద్దంలో. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయని మా షాపులో జోడు పెట్టుకుని చూసుకునే ప్రతివాడికీ రోజూ నేను చెప్పే మాటే ఇది."

సీరియలు మొదలైన ఇన్నాళ్ళకి అందరూ మొట్టమొదటిసారి వెనక్కి తిరిగి టీవీని టీవీలో చూశారు. కెప్టెన్ పాపిడి ఎడమ పక్కన, పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నట్టు, నిశ్చింతగా ఉంది.

"సీరియలు పేరు కూడా సరిగ్గానే రాశారే," అన్నాడు సిలిండరు తమ్ముడు, ఎవరో మోసం చేసినట్టు.

రోజంతా జనాల నోట్లో చిన్న అద్దం పెట్టి చూసే డాక్టరు మెల్లిగా నేల చూపులు చూశాడు. మామ కత్తి పట్టుకుని కొయ్యబారిపోయాడు. కుడి బుగ్గ అంటే ఏదో, ఎడమ చెవి అంటే ఏదో అద్దంలో చూసి చెప్పగలిగిన చెయ్యి అది. ఆ తెలివంతా జాంబీల దగ్గర ఏమైపోయిందో ఆయనకే అంతుబట్టలేదు. ఆయన చూపు వద్దన్నా మూలనున్న తొట్టి మీదికి పోయింది. వచ్చే ఆదివారం నుంచి తనని ఏమైనా అడిగేవాళ్ళెవరూ ఉండరు. చేపలు అసలే అడగవు.

అందరికన్నా ఎక్కువ మాడిపోయింది మాత్రం బావ మొహం. నురగ ఉన్న సగం సంగతి తెలీదు గానీ, గీకిన సగం తెల్లగా పాలిపోయింది.

విరామం అయిపోయింది. గేటు విరిగింది. జాంబీలు గుంపుగా మీద పడ్డాయి. ఇప్పుడు ఎటు చూడాలో తెలీక సగంమంది అద్దంలోకీ సగంమంది టీవీలోకీ చూస్తున్నారు. కెప్టెన్ గొడ్డలి విసురుతున్నాడు. గుంపులోంచి తెల్లకోటు వేసుకున్న ఒక ముసలి జాంబీ చేతులు చాపుకుంటూ కెప్టెన్ తల మీదికి వచ్చింది. దాని పై జేబులోంచి సన్నగా ఏదో పొడుచుకొచ్చి కనిపించింది. కెప్టెన్ ఒక్క వేటు వేశాడు. అది కూలిపోయింది. అంతే, మళ్ళీ కనిపించలేదు.

"దువ్వెన," అన్నాడు మామ. "జేబులో దువ్వెన."

"పెన్ను," అన్నాడు డాక్టరు. "అది డాక్టరు కోటు మామా. ఆయన డాక్టరు."

"డాక్టరైతే మెడ మీద పడాలి, తల మీదికెందుకు పోతాడు? అలవాటైన చెయ్యి కాబట్టి తలే వెతుక్కుంది."

సిలిండరు తమ్ముడు అది స్క్రూడ్రైవరని మూడో మాట తెచ్చాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్ళూ బావ మీదే ఉన్నాయి. పందెం ఆయనది, గది ఆయనది, తీర్పూ ఆయనదే.

బావ కుర్చీలో కదల్లేదు. ఆయన మనసులో నడుస్తున్నదేంటో మామకి అద్దంలో స్పష్టంగా కనిపించింది. అది పెన్ను అంటే తొట్టి గోడెక్కుతుంది. కానీ రేపు ఆఫీసులో మేనేజరు అడుగుతాడు, నీ బార్బరు ఏమయ్యాడయ్యా అని. లేడంటే పాపిడి ఎలా మారిందంటాడు. అప్పుడు డ్రైవర్లందరి ముందూ అద్దం సంగతి చెప్పుకోవాలి.

"దువ్వెనే," అన్నాడు బావ. "పళ్ళు కూడా కనిపించాయి నాకు."

"సరే, దువ్వెనే అనుకుందాం," అన్నాడు డాక్టరు. "కానీ జాంబీ అయిపోయాడు కదా, ఇంక ఎవడికి చేస్తాడు క్రాపు?"

"కాకముందు చేశాడు," అన్నాడు మామ. "అందుకే ఇవాళ కెప్టెన్ గడ్డం కాస్త మాసింది, మీరు చూడలేదు." చూశామని గానీ చూడలేదని గానీ చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఇందాకటి దెబ్బ అలాంటిది.

సీరియలు అయిపోయింది. మామ టీవీ ఆపకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ నీళ్ళు లేకపోయినా, సబ్బు లేకపోయినా ఆ గడ్డం గీసిన చేతిని గొడ్డలితో నరికేశాడని, కెప్టెన్‌కి అసలు విశ్వాసం లేదని నొచ్చుకున్నాడు. తర్వాత బావకి రెండో చెంప గీకాడు.

తొట్టిని మామ భార్య ఇంటికి తీసుకుపోయింది. సోమవారం మామ దాని పక్కనే కూర్చుని బీన్సు తరుగుతుంటే టీవీలో కొత్త ప్రోమో వచ్చింది. రెండో సీజను. కెప్టెన్ ఎక్కడో కొండ మీద నిలబడి వెనక్కి తిరిగాడు.

నడి పాపిడి. నెత్తి మధ్యలో తాడు పట్టి గీసినట్టు.

మామ బీన్సు పక్కన పెట్టాడు. లేచి గోడకున్న చిన్న అద్దం తీసి, టీవీకి ఎదురుగా పట్టుకుని, అందులో కూడా చూశాడు. నడి పాపిడే. ఏ అద్దం తారుమారు చెయ్యలేని పాపిడి.

భార్యకి ఫోన్ చేసి చెప్పాడు. "ఎవరికైనా చెప్పేముందు ఒకసారి మా షాపుకొచ్చి కళ్ళు చూపించుకోండి, ఇవాళ ఖాళీగానే ఉన్నాం," అంది.

అప్పటికే ఆయన రెండో ఫోను కలుపుతున్నాడు. బావ లైను బిజీ. మళ్ళీ చేశాడు, బిజీ. మూడోసారీ బిజీ వచ్చేసరికి విసుక్కుని ఫోను తొట్టి మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే అది మోగింది. ఇందాకటి నుంచీ బావ కూడా ఆయనకే చేస్తున్నాడు.