కాటా ఎక్కని చేప

బల్ఖాష్ సరస్సులో, మా ఊరి ముందు రెల్లు పెరిగే మలుపులో, వల వేసేవాడు చివరికి ఒక్కడే మిగిలాడు. పేరు ఒర్మన్‌బెట్, వరసకు నాకు మరిది. తోటివాళ్లు ఒక్కొక్కరే గనుల పనికి వెళ్లిపోయారు. భార్య కుల్యాష్ చనిపోయాక ఇంట్లోనూ ఒక్కడే. అతని పొగగొట్టం నా కిటికీకి ఎదురుగా ఉంటుంది. పొగ వచ్చిందంటే ఏం వండాడో కనుక్కునే దాకా నాకు తోచదు.

ఆ ఏడు ఆ మలుపు ఎవరిదో తేలాలి. పట్నం నుంచి సరదాకి గాలం వేసేవాళ్లు బాగా పెరిగారు. చేపల ఆఫీసువాళ్లు నీళ్లను పంచుతామన్నారు, కొంత వలకు, కొంత గాలానికి. సీజను అయ్యేలోగా ఒర్మన్‌బెట్ మీద ఒక్క తప్పు కూడా పడకపోతే మలుపు అతని వలకే ఉంటుంది. పడితే గాలాలవాళ్లకు పోతుంది. వలలో పడిన ప్రతి చేపనూ ముందు కాటా మీద తూచాలి, ఆ తర్వాతే అమ్మినా ఎవరికైనా ఇచ్చినా. అన్నిటికన్నా గట్టి నియమం అదే.

"ఈ మలుపు పోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి వదినా?" అన్నాడు ఓ రోజు.

"వచ్చి నా మొహం చూస్తూ కూర్చో."

"దానికంటే పక్క ఊళ్లవాళ్లతో కాటా దగ్గర లైన్లో నిలబడటమే నయం."

అన్న మాట ప్రకారం వేసవంతా కాటా దగ్గరే నిలబడ్డాడు. అంతకుముందు సరస్సు నుంచి వస్తూ ఇంటింటికీ ఓ చేప ఇచ్చి, కాసేపు కూర్చుని వెళ్లేవాడు. ఇప్పుడు తూచకుండా దారిలో ఇవ్వడానికి లేదు, తూచినవన్నీ కాటా దగ్గరే అమ్ముడయ్యేవి. దాంతో ఎవరింటికీ రావడం మానేశాడు. పిలిస్తే, "చేతులూపుకుంటూ ఏం వస్తాను?" అనేవాడు.

ఆకులు రాలే రోజుల్లో అల్మాటీ పట్నం నుంచి వాదిమ్ అనే ఆయన వచ్చి పొద్దుటి నుంచి గాలం వేసుకుని ఒడ్డున కూర్చున్నాడు. ఒర్మన్‌బెట్ పడవ ఒడ్డుకు వచ్చేసరికి నేను అక్కడ రెల్లు కోస్తున్నాను.

"ఏమన్నా పడిందా?" అని ఒర్మన్‌బెట్ అడిగాడు.

"జలుబు పట్టింది, అంతే."

ఒర్మన్‌బెట్ అతన్నీ నన్నూ ఇంటికి తీసుకెళ్లి వేడిగా టీ పోశాడు. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ ఇంట్లో అన్ని మాటలు వినిపించి ఎన్నాళ్లయిందో. వాదిమ్ బయల్దేరేటప్పుడు మళ్లీ ఒడ్డుకు వచ్చి ఒర్మన్‌బెట్ పడవలోంచి పెద్ద సుదాక్ చేపను తీసి అతని సంచిలో పెట్టాడు.

"కాటా సంగతేంటి?" అన్నాను మెల్లగా.

"నా ఇంట్లో టీ తాగిన మనిషిని ఒట్టి చేతులతో పంపమంటావా? నువ్వే అంటున్నావా ఆ మాట?"

మా ఇంటి నుంచీ అలా ఎవర్నీ పంపం.

ఊరి బయట తనిఖీవాళ్లు ఆ సంచి విప్పారు. చేప మొప్పల దగ్గర వల కోసిన గుర్తు ఉంది, కాటా చీటీ మాత్రం లేదు. వాదిమ్ మెచ్చుకోలుగానే చెప్పాడట, "ఒడ్డున ఆ పెద్దాయన ఇచ్చాడు, ఎంత మంచి మనిషో." వాళ్లు అతన్ని పంపించేసి, తప్పు పెద్దాయన పేరు మీద రాసుకున్నారు.

మలుపు గాలాలవాళ్లకు వెళ్లింది. ఒర్మన్‌బెట్ వల అనుమతి రద్దయింది. ఊరికే ఇంట్లో కూర్చోలేక, వసంతం రాగానే గాలం కొనుక్కుని ఒడ్డుకు వెళ్లాడు. జీవితంలో ఏనాడూ గాలం పట్టినవాడు కాదు.

ఒక ఆదివారం వాదిమ్ మళ్లీ వచ్చాడు. మలుపు తమకు వచ్చిందని మహా సంతోషంగా ఉన్నాడు. ఒర్మన్‌బెట్ పక్కనే కూర్చుని, "అలా కాదు పెద్దాయనా, ముడి ఇలా వెయ్యాలి," అని ఓపిగ్గా నేర్పాడు. "మీ వలలవాళ్లు ఏమయ్యారు? ఒక్క వలా కనబడదే?"

ఆ సంచిలో చేప వల్లే అని చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. ఒర్మన్‌బెట్ నా వైపు ఒక్క చూపు చూశాడు.

"ముసలివాళ్లమైపోయాం," అన్నాడు వాదిమ్‌తో.

సాయంత్రం కార్లన్నీ పట్నానికి వెళ్లిపోయాయి. వాదిమ్ వేసిచ్చిన ముడితో ఒర్మన్‌బెట్ ఒక్కడే ఒడ్డున కూర్చున్నాడు. చీకటి పడుతోంది, మా ఇంటికి టీకి రమ్మని పిలిచాను.

"వస్తాలే, నువ్వు పద," అన్నాడు. అతని సంచిలో ఒక్క చేపా లేదు. రాలేదు.