అత్తయ్య చెప్పిన ముగింపు

పెళ్లయ్యాక కోడూరు దగ్గరి పల్లెకు కాపురానికి వెళ్తూ నా పెట్టె అడుగున, పట్టుచీరల కింద, ఐదు డిటెక్టివ్ నవలలు దాచుకుని తీసుకెళ్లాను. బందరులో మా ఇంట్లో వాటిని ఎవరూ పుస్తకాల కింద జమకట్టేవారు కాదు. "డిగ్రీ చదివిన పిల్లవి, నీకీ హత్యల గోలేంటే?" అని అమ్మ విసుక్కునేది. కన్నతల్లే అలా అంటే ఇక అత్తగారు ఏమంటుందోనని నా భయం.

ఆ ఐదూ ఒకే రచయితవి. కోనేరు సెంటరు దగ్గర్లో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. కాలేజీ నుంచి వస్తూ రోజుకొకటి తెచ్చుకుని, ఆయన నవలలు ఒక్కటి వదలకుండా చదివాను. ఆయన డిటెక్టివ్ జేబునిండా యాలక్కాయలు వేసుకు తిరిగే నిదానపు మనిషి. ఒక్కో యాలక్కాయ నోట్లో వేసుకున్నప్పుడల్లా ఒక్కో ముడి విప్పేవాడు. అతను ఉన్న నవలలన్నీ చదివేశాను కాబట్టి ఆ రచయితను పూర్తిగా చదివేసినట్టేనని ధీమాగా ఉండేదాన్ని.

ఆ ధీమా మొదటి వానాకాలంలోనే పోయింది. వారం రోజుల ముసురు వదిలి ఎండ కాయగానే అత్తయ్య ఇంట్లో బట్టలన్నీ తీసి మంచాల మీద ఆరబెట్టింది. నా పెట్టె కూడా తెరిచింది. వంటింట్లోంచి నేను పరుగెత్తుకొచ్చేసరికే ఆవిడ చేతిలో పుస్తకం ఉంది. అట్ట మీద నెత్తురోడుతున్న కత్తి, పక్కనే జుట్టు విరబోసుకున్న అమ్మాయి.

"అత్తయ్యా, అది నాది కాదు... మా ఫ్రెండుది," అన్నాను.

ఆవిడ నా మాట పట్టించుకోలేదు. పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని రచయిత పేరు చూసింది.

"ఈయన ఇంకా రాస్తన్నాడా?"

"మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలవకపోవడమేంటి! కాకపోతే నాకీ యాలక్కాయల వాడు పడడు. వీడు రాకముందు నాలుగు నవలలు రాశాడాయన. వారపత్రికల్లో వచ్చేయి. నవలలంటే అయ్యీ!"

అలాంటివి ఉన్నాయని కూడా నాకు తెలియదు. అత్తయ్యకేమో వాటి పేర్లు గుర్తులేవు. కథలు మాత్రం నిన్న చదివినంత తాజాగా చెప్పింది. ఒకటి పడవ సరంగు కథ. ఒకటి కవల అక్కచెల్లెళ్ల కథ. ఒకటి గడియారాలు బాగుచేసేవాడి కథ. నాలుగోది లంక గ్రామంలో ఒక పోస్టుమాస్టరు కథ. పత్రికల్లోంచి ఆ కాగితాలు విడదీసి, దబ్బనంతో కుట్టి, వాళ్ల అత్తగారి కంట పడకుండా బియ్యం డబ్బాలో దాచుకునేదట. ఉప్పెనలో ఆ డబ్బా కొట్టుకుపోయింది.

"మనుషులే పోయినప్పుడు కాయితాల కోసం ఏడుస్తామా?" అంది చీర మడతపెడుతూ. ఇంకో చీర అందుకుని, "ఆ పోస్టుమాస్టరు మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తంటాడు," అంది.

"వెతుకుదామా అత్తయ్యా?" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది.

పేరు తెలియని పుస్తకాలను వెతకడం అంత తేలిక కాదని తొందర్లోనే తెలిసింది. పుట్టింటికి వెళ్లే వంక పెట్టుకుని ఆవిడనూ బందరు తీసుకెళ్లాను. నా పాత షాపు ఇంకా ఉంది కానీ, సగం అరల్లోకి వీడియో క్యాసెట్లు వచ్చి చేరాయి.

"పేరు చెప్పకుండా ఎట్టా వెతికేదండీ?" అన్నాడు షాపాయన.

"పేరు లేకపోతే ఏం, కథ చెప్తాను వినండి," అని అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. సరంగు కథ మొదలుపెట్టింది. క్యాసెట్ల కోసం వచ్చినవాళ్లు కూడా ఆగి వినడం మొదలెట్టారు. పడవలో శవం దొరికే చోటుకు వచ్చేసరికి షాపాయన "ఆగండాగండి!" అంటూ నిచ్చెనెక్కి, పై అరలోంచి దుమ్ము కొట్టుకుపోయిన పుస్తకం ఒకటి దించాడు. దాని పక్కనే కవలల కథ కూడా ఉంది. మిగతా రెండు కథలూ చెప్పింది కానీ, అవి అక్కడ లేవు.

మూడోది అక్కడ విన్నవాళ్ల వల్లే దొరికింది. పెడనలో కలంకారీ అద్దకం పని చేసే ఒక పెద్దాయన, గడియారాలవాడి నవల తన దగ్గర ఉందని చెప్పి, మళ్లీ వారం తెచ్చి షాపులో ఇచ్చి వెళ్లాడు. ఆయన పేజీ తిప్పిన చోటల్లా ఎర్రరంగు వేలిముద్ర ఉంది. అత్తయ్య ఆ ముద్రలు చూసి, "ఎక్కడెక్కడ గబగబా తిప్పాడో కూడా తెలిసిపోతంది చూడు!" అని మురిసిపోయింది.

పోస్టుమాస్టరు మాత్రం రెండేళ్లపాటు చిక్కలేదు. గుడివాడలో ఒక అద్దె లైబ్రరీ మూసేస్తున్నారని తెలిసి, ఇద్దరం పొద్దున్నే బయల్దేరి, పామర్రులో బస్సు మారి వెళ్లాం. ఓనరు గోనెసంచులు నేలమీద బోర్లించి, "చూసుకోండమ్మా," అన్నాడు. మధ్యాహ్నానికి మా చేతులు నల్లబడ్డాయి. ఒక్కసారిగా అత్తయ్య "ఇదుగో మావాడు!" అని అరిచింది.

తీరా తిరుగు బస్సులో తెరిచి చూస్తే చివరి పదహారు పేజీలు లేవు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"దానికేముందే, నాకు తెలుసుగా. నేను చెప్తాను," అంది అత్తయ్య.

కథ ఇదీ. లంక గ్రామంలో రైసుమిల్లు ఆసామికి ఒక ఉత్తరం వస్తుంది. మర్నాడు అతను కాలవలో శవమై తేలతాడు. ఉత్తరం మాయమవుతుంది. ఊరంతా పోస్టుమాస్టరును అనుమానిస్తుంది.

"చంపింది పోస్టుమాస్టరు పెళ్లాం," అంది అత్తయ్య. "ఆవిడ వేలిముద్ర మనిషని ఊరందరి నమ్మకం. కానీ మొగుడి పక్కన కూచుని, కవర్ల మీద అడ్రసులు చూసి చూసి, ఎవరికీ తెలవకుండా చదవడం, రాయడం నేర్చుకుంది. తన చెల్లెల్ని పాడుచేసినవాణ్ణి కాలవ గట్టుకు రమ్మని ఉత్తరం రాసింది ఆవిడే. రాతే రానిదాన్ని ఎవరనుమానిస్తారు?"

ముందు సీట్లో టిక్కెట్లు లెక్క చూసుకుంటున్న కండక్టరు వెనక్కి తిరిగి, "మరి పోలీసులు పట్టుకున్నారా పిన్నిగారూ?" అని అడిగాడు.

"మొగుడికి తెలిసింది. కానీ ఆయన నోరు విప్పలేదు," అంది అత్తయ్య. కండక్టరు తల పంకించి, "మంచి పని చేశాడు," అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత మావారు విజయవాడ పేవ్‌మెంటు మీద అదే నవల చెక్కుచెదరని ప్రతి చూసి తెచ్చారు. ముందు నేనే చదివాను. చివరికొచ్చేసరికి మతి పోయింది. హంతకుడు మిల్లు గుమాస్తా! ఎవరూ ఒక్క ప్రశ్నా వెయ్యకుండానే రెండు పేజీల్లో నేరం ఒప్పేసుకున్నాడు. పోస్టుమాస్టరు భార్య నవలంతా వెతికినా రెండు చోట్ల కాఫీ ఇస్తుంది, అంతే. ఈ సంగతి అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలియక, రెండ్రోజులు పుస్తకాన్ని బీరువాలో పెట్టాను. మూడో రోజు మావారే పుస్తకం తెచ్చానని నోరు జారారు.

వీధి అరుగు మీద కూర్చుని ఆవిడ చదువుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆఖరి పేజీ అయిపోయింది. కళ్లజోడు తీసింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అయితే ఆ పెళ్లాన్ని నేనే పుట్టించానా అమ్మాయ్! ఇన్నేళ్లూ ఆయన రాశాడనుకుని మెచ్చుకుంటన్నాను!"

ఆ సంతోషంలోనే, ప్రచురణకర్తల చిరునామాకు రచయిత పేరిట ఒక ఉత్తరం రాశాను. అత్తయ్య ముగింపు కూడా ఆవిడ చెబుతుంటే పూసగుచ్చినట్టు రాశాను. నెల తిరిగాక కార్డు వచ్చింది. వణికే అక్షరాలు. ఆ నవల ఆయన దగ్గరే లేదట, ఒక ప్రతి పంపగలరా అని అడిగారు. చివరి వారం జ్వరంతో ఉండి, పత్రికవాళ్లు తొందరపెడితే చేతికి దొరికిన గుమాస్తానే హంతకుణ్ణి చేసేశానని రాశారు. "మీ అత్తగారి ముగింపు అప్పుడు నాకు తట్టలేదు. ఆవిడకు నా నమస్కారాలు," అని ముగించారు.

అవనిగడ్డ వెళ్లి పుస్తకమంతా జిరాక్స్ తీయించి రిజిస్టరు పోస్టులో పంపాం. అసలు ప్రతి ఇవ్వడానికి అత్తయ్య ససేమిరా ఒప్పుకోలేదు.

అప్పట్నుంచి ఆవిడకు ఒక కొత్త అలవాటైంది. ఏ డిటెక్టివ్ నవలైనా ఆఖరి అధ్యాయం ముందు మూసేసి, నన్ను పిలిచి, హంతకుడెవరో తను చెప్పాకే మళ్లీ తెరిచేది. చాలాసార్లు ఆవిడ చెప్పినవాళ్లు హంతకులు కారు. అయినా ఒక్కసారీ చిన్నబోలేదు.

"పాపం, ఈయనక్కూడా జ్వరమొచ్చినట్టుంది," అనేది.