బొంతకాకుల నోటుపుస్తకం

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజుల్లో మా కోచింగ్ సెంటరు నెలలో సగం రోజులు మూసే ఉండేది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెడిసిన్ ఎంట్రన్సు పిల్లలకి జువాలజీ చెప్పేదాన్ని. బంద్ అంటే చాలు, పొద్దున్నే వాచ్‌మన్ ఫోన్ చేసి "ఇయ్యాల రాకుండ్రి మేడం" అనేవాడు. ఎల్బీనగర్ దాటాక ఒక కాలనీలో మేం కిరాయికి ఉండేవాళ్ళం. పైన నేనూ మా ఆయనా, కింద ఓనర్లు. మాది కృష్ణా జిల్లా, వాళ్ళది నల్గొండ వైపు పల్లె. ఓనరు లారీ నడిపేవాడు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఓనరమ్మా, డిగ్రీ ఆఖరేడు చదివే కొడుకూ ఉండేవాళ్ళు.

కాకుల్ని చూడాలని నేనేం పనిగా పెట్టుకోలేదు. క్లాసులో పక్షుల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "మేడం, ఇంగ్లీషు కథలల్ల రేవెన్ అని ఉంటది గదా, అది మన కాకేనా?" అని అడిగింది. కాదు, అది ఇంకా పెద్దది, మన దక్కనులో ఉండదు, దానికి ఇక్కడ దగ్గరి చుట్టం బొంతకాకి అని చెప్పాను. మెడ బూడిదరంగులో ఉండేది ఊరకాకి. ఒళ్ళంతా నల్లగా, ముక్కు లావుగా, గొంతు బొంగురుగా ఉండేది బొంతకాకి. ఆ పిల్ల ఊరుకోలేదు. "అది ఎట్ల ఉంటది మేడం, ఏం జేస్తది?" అంది. పుస్తకంలో ఉన్న రెండు ముక్కలు చెప్పి పాఠంలోకి పోయాను. పదకొండేళ్ళుగా పక్షుల పాఠం చెబుతూ ఒక్క పక్షినైనా పది నిమిషాలు నిలబడి చూడలేదని ఆ సాయంత్రం షేర్ ఆటోలో వస్తుంటే సిగ్గేసింది.

మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ఒక పాత చింతచెట్టు ఉండేది. కాలనీ పడకముందు అదంతా చేలు. చలికాలం చివర్లో ఆ చెట్టు పైకొమ్మల్లో ఒక బొంతకాకుల జంట గూడు మొదలుపెట్టింది. కోఠీలో పాత సామాన్ల దగ్గర బైనాక్యులర్ ఒకటి కొన్నాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం తీసుకుని, పొద్దునా సాయంత్రం డాబా ఎక్కేదాన్ని.

చూడటం మొదలుపెట్టాక తెలిసిన మొదటి సంగతి, నేను వాటిని చూసేదానికన్నా అవే నన్ను ఎక్కువ చూస్తున్నాయని. మగకాకి పుల్ల పట్టుకొస్తే నేరుగా గూటికి పోయేది కాదు. ముందు కరెంటు స్తంభం మీద వాలి, నా వైపు ఒక కన్ను తిప్పి చూసి, వేరే చెట్టు మీదికెళ్ళి, నేను తల తిప్పాక గూట్లోకి జారేది. చింతచెట్టు అవతల సగంలో ఆగిపోయిన ఒక బిల్డింగు ఉండేది. గోడల్లేవు, స్తంభాలూ స్లాబూ అంతే. చికెన్ కొట్టు దగ్గర ఎత్తుకొచ్చిన ముక్కల్ని ఆ మగకాకి ఆ స్లాబు మీద ఇటుకల సందుల్లో దాచేది. ఊరకాకి ఏదైనా దగ్గర్లో ఉంటే, దాచినట్టు ముక్కుతో పొడిచి, ముక్క గొంతులోనే పెట్టుకుని ఇంకో మూలకి పోయి అక్కడ దాచేది. ఎవర్నీ నమ్మని ప్రాణి. అన్నీ రాసుకునేదాన్ని. "6.20. మ వచ్చింది. ఆ గూట్లోనే." మ అంటే మగది, ఆ అంటే ఆడది.

ఆ స్లాబు మీదే ఓనరమ్మ కొడుకూ, అతని నలుగురు స్నేహితులూ సాయంత్రాలు కూర్చునేవారు. ఎక్కడ రాస్తారోకో, ఎక్కడ వంటావార్పు, ఎవరు బ్యానరు పట్టుకోవాలి, ఇవన్నీ అక్కడే మాట్లాడుకునేవారని తర్వాత తెలిసింది. నాకప్పుడు అది కాకి ముక్కలు దాచే చోటు మాత్రమే. వాళ్ళుంటే కాకి అటు వచ్చేది కాదు. అదీ రాసేదాన్ని.

ఒకరోజు ఓనరమ్మ బట్టలారేయడానికి పైకొచ్చింది. తీగ మీద చీర పరుస్తూ, "ఏం జూస్తున్రు మేడం, రోజు గా దుర్బీను వెట్టుకొని?" అంది.

"కాకుల్ని ఆంటీ. గూడు పెట్టాయి."

"కాకులనా?" నవ్వలేదు. నా చేతిలో పుస్తకాన్ని చూసింది. "కాకిని జూసి రాసేదేమున్నది?"

ఆమె తప్పు లేదు. అది ఎవరూ ఎవర్నీ నమ్మని కాలం. షేర్ ఆటోలో నేను నోరు విప్పడం మానేశాను. "ఎల్బీనగర్" అని ఒక్క మాట చెప్పి కూర్చునేదాన్ని. రెండో మాట మాట్లాడితే మా యాస తెలిసిపోతుందని భయం. ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. అయినా భయం. కింద ఇంట్లో టీవీ ముందు గట్టిగా మాట్లాడుకుంటుంటే "ఆంధ్రోళ్ళు" అన్న మాట ఒక్కటే నా చెవిన పడేది. తక్కినదంతా వినబడేది కాదు. మమ్మల్ని ఖాళీ చేయిస్తారేమోనని మా ఆయన రోజూ అనేవాడు. "ఎందుకొచ్చిన గొడవ, ఆ బైనాక్యులర్ లోపల పెట్టు" అనేవాడు. వినలేదు.

అంతకుముందు సర్వపిండి చేసినప్పుడల్లా ఓనరమ్మ నాకో ప్లేటు పంపేది. అది ఆగిపోయింది. నేను మెట్ల మీద ఎదురైతే కొడుకు ఫోన్లో మాట తుంచేసేవాడు. ఏదో నడుస్తోందని నాకు అనుమానం. నేనేదో నడుపుతున్నానని వాళ్ళకి అనుమానం.

గుడ్లు పొదగడం మొదలయ్యాక కాకులు మరీ కటువుగా మారాయి. పాలవాడు చెట్టు కింద నుంచి పోయినా, కూరగాయల బండామె అక్కడే నీడలో నిలబడినా ఏమనేవి కావు. వాళ్ళు తెలిసినవాళ్ళు. కొత్తవాళ్ళు నిలబడితే మాత్రం ఊరుకునేవి కావు. ఒక పొద్దున తెల్లచొక్కా మనిషి ఒకడు చెట్టు కింద బండి ఆపుకుని కూర్చున్నాడు. కాకులు రెండూ అతని తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. ఆ గొంతు మామూలు గొంతు కాదు, గీరుకుపోయినట్టు ఉంటుంది. ఎంతసేపు అరుస్తాయో లెక్కపెట్టాను. ఏడు నిమిషాలు. మర్నాడు కూడా అతనే, పక్కన ఇంకొకతను. ఈసారి పదకొండు నిమిషాలు. ఒకసారి గుర్తుపెట్టుకున్న మనిషి మీద కోపం పెరుగుతుందన్నమాట, బాగుందే అనుకుంటూ రాసుకున్నాను.

ఆ మూడో రోజు తెల్లవారుతుండగానే మఫ్టీ పోలీసులు వచ్చి ఓనరమ్మ కొడుకుని తీసుకుపోయారు. గేటు చప్పుడు, వెంటనే ఆమె అరుపు. మేం కిందికి దిగేసరికి జీపు మలుపు తిరుగుతోంది. ఆమె గేటు పట్టుకుని నిలబడి ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు. "ఆంటీ" అంటూ భుజం మీద చెయ్యి వేయబోయాను. ఆమె నా చేతిని విదిలించింది. లోపలికి పోయి తలుపేసుకుంది.

పన్నెండింటికి ఆమే పైకొచ్చింది. మా ఆయన బ్యాంకుకి పోయాడు. ఆమె గుమ్మంలో నిలబడే అంది:

"ఆ బుక్కు తియ్యి."

అంతవరకూ నన్ను 'మీరు' అనేది. నేను నోటుపుస్తకం తెచ్చిచ్చాను. ఆమె తిరిగి నా చేతిలోనే పెట్టింది. "నాకు సదువొస్తే నిన్నెందుకు అడుగుత? సదువు. మొదటికెల్లి సదువు."

చదివాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడకానుకుని నిలబడి వింది. మగది పుల్ల తెచ్చింది. ఆడది సర్దింది. మగది వైరు ముక్క తెచ్చింది, ఆడది కింద పడేసింది. మూడు గుడ్లు కావచ్చు. ఆడది లేవలేదు, మగది తిండి తెచ్చి నోట్లో పెట్టింది. చదువుతుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. కన్నకొడుకుని పట్టుకుపోయిన తల్లి ముందు నిలబడి కాకుల కాపురం చదువుతున్నాను. మధ్యలో "స్లాబు మీద అయిదుగురు అబ్బాయిలు, మ దిగలేదు" అని వచ్చింది. ఆ లైను మింగేద్దామనుకున్నాను, మింగలేదు, చదివాను.

"ఎన్ని దినాలు రాసినవ్ అట్ల?"

"తొమ్మిది రోజులు ఉంది ఆంటీ. కాకి కోసమే. ఎవరికీ చూపించలేదు. మా పిల్లల మీద ఒట్టు అందామంటే నాకు పిల్లల్లేరు."

"ముంగటికి సదువు."

తెల్లచొక్కా మనిషి వచ్చాడు. ఏడు నిమిషాలు. మర్నాడు ఇద్దరు. పదకొండు నిమిషాలు. చదువుతుండగానే నాకు అర్థమైంది. ఆ వాక్యం పూర్తి చేయలేకపోయాను. ఆమెకు నాకన్నా ముందే అర్థమైంది.

"రెండు దినాలు," అంది మెల్లిగా. "రెండు దినాలు మా ఇంటి ముంగట కాపలా గాసిన్రు. కాకులు ఒర్రినయ్. నువ్వు జూసినవ్. రాస్కున్నవ్."

"వాళ్ళెవరో నాకు తెలీదు ఆంటీ."

"ఎర్క లేకపోతే లేకపాయె. ఎవడో కొత్తోడు రెండు దినాలకెల్లి ఇంటి ముంగట కూసుంటున్నడు అని ఒక్క మాట జెప్పకపోతివి? కిందనే ఉంటి గద. నేను మా పోరణ్ణి ఊరికి తోలుదును."

ఆమె అనుమానించిన పని నేను చేయలేదు. కానీ చేయాల్సిన పని కూడా చేయలేదు. మెట్లు దిగి ఒక్క మాట చెప్పాలన్న ఆలోచనే రాలేదంటే, కింద ఉన్నవాళ్ళని నేను అప్పటికే పరాయివాళ్ళని చేసేశానన్నమాట. వాళ్ళు చేశారని మాత్రమే అనుకుంటూ వచ్చాను.

ఆమె పుస్తకం తీసుకుని, "స్లాబు అని యాడ రాసినవో సూపెట్టు" అంది. చూపించాను. ఆ కాగితాలన్నీ చింపి, మా వంటింట్లో స్టవ్ వెలిగించి, ఒక్కొక్కటే కాల్చి, బూడిద సింకులో పోసి నీళ్ళు వదిలింది. "ఆళ్ళు ఇంట్ల సోదా జెయ్యనొస్తే ఇది దొరికేది" అంది. అదీ నాకు తట్టలేదు.

తర్వాత, "నడు" అంది.

"ఎక్కడికి?"

"ఠాణాకు. మా ఆయన సూర్యాపేట కాడ ఉన్నడు, రేపుగాని రాడు. నువ్వు సదువుకున్నదానివి. వచ్చి మాట్లాడు."

స్టేషన్లో ఒక ఆఫీసరు నా మాట రెండు ముక్కలు వినగానే తలెత్తాడు. "మీరు ఆంధ్రా సైడు గదమ్మా? మీకెందుకు ఈ పంచాయితీ?" అన్నాడు.

"వాళ్ళింట్లో ఉంటాను. అబ్బాయి మంచివాడు. నేను లెక్చరర్ని, ఏం సంతకం కావాలంటే అది పెడతాను" అన్నాను. లోపల బెంచీ మీద ఓనరమ్మ కొడుకు ఇంకో పదిమంది కుర్రాళ్ళతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. తల్లిని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఏమీ లేదు. ఈమె ఇక్కడికి ముందే వచ్చిందా, మా అమ్మతోనే వచ్చిందా అని కూడిక వేస్తున్న చూపు అది.

నా సంతకం వాళ్ళకి అక్కర్లేకపోయింది. మూడో రోజు అందరితో పాటు అతన్నీ వదిలేశారు. ఓనరమ్మ మళ్ళీ 'మీరు' అనడం మొదలుపెట్టింది. అది మర్యాదో దూరమో తేల్చుకోలేకపోయాను. కొడుకు మాత్రం మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడేవాడు.

నోటుపుస్తకం మళ్ళీ మొదలుపెట్టాను. కానీ ఈసారి చెట్టు కింద కాకులు గట్టిగా అరిస్తే రాయడం ఆపి, గోడ మీంచి వంగి "ఆంటీ, ఎవరో ఉన్నారు" అని కేకేసేదాన్ని. ఆమె చేటో చీపురో పట్టుకునే గేటు దాకా పోయేది. ఒకసారి కేబుల్ వాడు. ఒకసారి గండుపిల్లి. "పిల్లి మేడం, పోలీసుగాదు" అని కింద నుంచి అరిచింది. ఆ రోజు ఆమె నవ్వడం విన్నాను.

ఎండలు ముదిరాక కాకిపిల్ల ఒకటి గూట్లోంచి జారి వాళ్ళ వాకిట్లో పడింది. రెక్కలింకా పూర్తిగా రాలేదు. కుక్క వస్తుందని ఓనరమ్మ కొడుకు దాన్ని తువ్వాల్లో పట్టుకుని, నిచ్చెన వేసుకుని, అందినంత ఎత్తులో కొమ్మల సందున కూర్చోబెట్టాడు. ఎక్కినంతసేపూ రెండు కాకులూ అతని నెత్తి మీద పొడుస్తూనే ఉన్నాయి. అది మొదలు అతను గేటు బయటికొస్తే చాలు, ఎక్కడున్నా వచ్చి వెంటపడేవి. పక్కన స్నేహితులున్నా వాళ్ళ జోలికి పోయేవి కావు, అతన్నొక్కణ్ణే. చొక్కా మార్చినా, టోపీ పెట్టినా గుర్తుపట్టేవి.

వారం ఓర్చుకుని, ఒక సాయంత్రం డాబా మీదికొచ్చాడు. స్టేషన్ తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు. నెత్తి మీద గాటు ఎండి ఉంది.

"మేడం, ఇవి మనిషిని ఎన్ని దినాలు యాదిల వెట్టుకుంటయ్?"

"ఏళ్ళ తరబడి గుర్తుంటుందంటారు. మొహం పట్టేస్తాయి."

"నేను దాన్ని బతికించిన గద మేడం. నన్నెందుకు పొడుస్తున్నయ్?"

"నువ్వేం చేశావో వాటికి తెలీదు బాబూ. నీ చేతిలో వాటి పిల్ల కనబడింది, అంతే."

అతను చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. పిల్ల కొమ్మ మీద కూర్చుని నోరు తెరిచి అరుస్తోంది, తల్లి దానికి తినిపిస్తోంది. నా మీద అనుమానం పోయిందో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు. కాసేపటికి "పాలు వోసెటోని మీదికైతె పోవు, సూడుండ్రి" అన్నాడు కొంచెం ఉక్రోషంగా. ఇద్దరం నవ్వాం. ఆ వేసవంతా అతను బండి లేకపోయినా హెల్మెట్ పెట్టుకునే గేటు దాటేవాడు. ఆ ఇంట్లో మేం ఇంకో రెండేళ్ళున్నాం. మెట్ల మీద ఎదురైతే నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. రాష్ట్రం గురించి ఎప్పుడూ కాదు, కాకుల గురించే.