ఎర్ర గీతకు చప్పట్లు

ఆ రోజుల్లో నేనింకా కుర్రాణ్ణే. వయసులో కాదు, అక్షరాల్లో. తల నెరిశాక ఆదోనిలో పెద్దల బడికి పోయి చదువు నేర్చినవాణ్ణి గనుక, కనిపించిన బోర్డునల్లా గట్టిగా చదివి జనాన్ని విసిగించేవాణ్ణి. మా ఇంటామె కడుపులో ఉన్నది కేన్సరు గడ్డ అని డాక్టరు రాసిందీ నేనే చదివాను. చదువు రాకున్నా బాగుండేదని అనిపించింది అప్పుడే.

ఎమ్మిగనూరులో ఉండే మా తమ్ముడి కూతురు పైఊళ్లో లెక్కల్లో పరిశోధన చేస్తోంది. గడ్డకూ, దాన్ని చంపడానికి ఒంట్లో పుట్టే కణాలకూ జరిగే కొట్లాటను సమీకరణాలుగా రాయడం ఆమె పని. ఆ పిల్ల సెలవులకు ఇంటికి వచ్చిందని తెలిసి ఇద్దరం బస్సెక్కాం. మా ఇంటామె బతుకుతుందో లేదో లెక్కగట్టి చెబుతుందని నా ఆశ. (డాక్టరు నోరు విప్పలేదు మరి.)

కంప్యూటరు తెర మీద ఒక ఎర్ర గీత సర్రున పైకి లేచింది, ఇంకోటి కిందికి జారింది. నేనా, పత్తి మార్కెట్లో ముసలివాడినైనవాణ్ణి. అక్కడ ధర గీత పైకి పోయిందంటే కొట్టంతా పండగే, సేటు అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పిస్తాడు. ఆ అలవాటున "లేసింది సూడే, లేసింది!" అని చప్పట్లు కొట్టి, వీధి చివరికి పోయి ఉగ్గాని బజ్జీ పొట్లాలు కట్టించుకొచ్చాను.

"పెద్దనాయనా, ఆ గీత గడ్డది" అంది పిల్ల తల దించుకుని. "కిందికి పోతాండేది మన కణాలు."

మా ఇంటామె తాపీగా బజ్జీ కొరికింది. "గడ్డ పెరిగిందని బజ్జీలు పంచే మొగుడు ఇంగెవురికుంటాడులే!"

"దించమ్మా దాన్ని" అన్నాను.

"ఇది పెద్దమ్మ గడ్డ కాదు పెద్దనాయనా. నేను ఊహించి ఏసిన అంకెలు. మారిస్తే దిగుతాది. పెద్దమ్మకు ఏమయితాదో దీనికి తెలీదు."

"తెలీకపోతే పోనీ. దించు."

అంకె మార్చింది. గీత దిగింది. "ఇంగోసారి" అన్నాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ మళ్లీ దించింది. నేను మళ్లీ అడిగాను.

"సాల్లే, బిడ్డను ఇడ్సిపెట్టు" అంది మా ఇంటామె. "ఈడన్నా బాగైనాను గదా."

తెర బయట బాగవలేదు. కొత్త పత్తి మార్కెట్టుకు రాకముందే ఆమె పోయింది.

చప్పట్లు కొట్టిన ఆ వెర్రివాడు తలపుకొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడేం తక్కువ అదృష్టవంతుడు కాదు. వాణ్ణి ఎగతాళి చేయడానికి పక్కన మనిషి ఉండేది.